పల్చబడిన రేకు

నేను ఒక రేకు పడవను. గోదావరి పాయ పక్కన ఒక షెడ్డులో రేకు మీద రేకు ఎక్కించి, రంధ్రాలు వేసి, వరసగా రివెట్లు దిగగొట్టి నన్ను కట్టారు. రివెట్ల దగ్గర ఎప్పుడూ కాస్త చెమర్చేదాన్ని. నా యజమాని భైరాగి ఏటా తారు పూసేవాడు, నేను మళ్లీ చెమర్చేదాన్ని. లంక ఊరి నుంచి అరటి గెలల్నీ మనుషుల్నీ అవతలి ఒడ్డుకు మోశాను. ఎక్కేటప్పుడు మనుషులకు నా మీద అనుమానం, దిగాక నేను గుర్తే ఉండను.

వరద వస్తోందని టముకు వేసిన పొద్దునే, అవతలి ఒడ్డున రాయి తగిలి నా పక్క రేకు చీలింది. రివెట్లు కొట్టి మాసిక వేసే మేస్త్రి పొరుగూరు వెళ్లాడు. భైరాగి నన్ను బండి మీద వెల్డింగు షాపుకు చేర్చాడు. షాపు నడిపే ఇబ్రహీం సుత్తితో తట్టి చూశాడు.

"రేకు తుప్పు పట్టి పల్చబడింది భైరాగీ. అతుకు గట్టిగానే వస్తుంది. దాని పక్కనున్న రేకు ఆగుతుందని మాత్రం చెప్పలేను."

"లంకలో జనం ఉన్నారు. ఇవాళ ఆగితే చాలు, వెయ్యి."

మంట తగిలినచోట నా ఒళ్లు ముడుచుకుపోయింది. కానీ ఆ అతుకులోంచి చుక్క నీరు రాలేదు. రివెట్లకు లేని గొప్ప అది. నాకూ గర్వమేసింది.

మధ్యాహ్నమంతా జనాన్ని దాటించాం. ఆఖరి సారికి మిగిలినవాళ్లంతా ఎక్కారు. భైరాగి తల్లి మంగాయమ్మ, భార్య చినతల్లి కూడా ఎక్కారు. నడి ఏట్లో కొట్టుకొచ్చిన దుంగ నన్ను గుద్దింది. రివెట్ల వైపు ఒకటి రెండు ఊడిపోయాయి, పక్కవి ఆ బరువు మోశాయి. వెల్డింగు వైపు అలా కాలేదు. అతుకు చెక్కుచెదరలేదు గానీ దాని అంచు వెంట పగులు ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. మంగాయమ్మ పగుల్లో చీర కొంగు కుక్కి, దానికి వీపు ఆనించి కూర్చుంది. అయినా నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి.

భైరాగి తెడ్డు చినతల్లి చేతికిచ్చి ఏట్లోకి దిగి, నా అంచు పట్టుకున్నాడు.

"మావా, ఎక్కు."

"బరువు తగ్గాలి. నువ్వు ఆపకుండా వెయ్యి."

ఆమె వేసింది. ఒడ్డు దగ్గర పడ్డాక సుడి లాగింది. నా అంచు మీద అతని వేళ్లు ఒక్కొక్కటే జారడం నాకు తెలుస్తూనే ఉంది. పట్టుకోవడానికి నాకు చేతులు లేవు. మిగతా అందరూ ఒడ్డెక్కారు.

వరద తీశాక చినతల్లి ఇబ్రహీంను పిలుచుకొచ్చింది.

"మళ్లీ అతుకు వెయ్యి అన్నా. నేను ఆయన్ని వెతకాలి."

అతను నా పగులు తడిమాడు. వేలు తగిలితేనే రేకు పొడిగా రాలింది.

"వెయ్యడానికి రేకు మిగల్లేదమ్మా. రివెట్టయినా, వెల్డింగయినా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి గదా."

ఆమె గట్టు వెంట ఏటి వాలుకు నడిచింది. ఇబ్రహీం షాపు మూసేసి వెనకే వెళ్లాడు. అప్పట్నించీ రోజూ వెళ్తున్నారు. మంగాయమ్మ నాకు ఆనుకుని కూర్చుని ఆ దారే చూస్తుంటుంది.

సాయంత్రానికి ఇద్దరే తిరిగి వస్తారు.