మూడో నంబరు మిషను తలుపు

వదిలేసి వచ్చిన ఉద్యోగం నుంచి ఫోను రాకపోతే ఎవరైనా హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. పెద్దక్కకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. పదకొండు రోజులైంది, ఒక్కరంటే ఒక్కరు ఫోను చెయ్యలేదు. ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో గొడ్డుచాకిరీ చేసి వస్తే, బతికున్నావా అక్కా అని అడిగే దిక్కు లేదు. సరే, అది అడక్కపోతే మానె. మూడో నంబరు మిషను తలుపు పట్టేస్తే ఏం చెయ్యాలో అడగాలి కదా! పదకొండు రోజులు పట్టెయ్యకుండా ఉండే తలుపు కాదది. దాన్ని ఎలా తియ్యాలో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియకుండా చూసుకున్నది కూడా ఆవిడే.

ఇక్కడ ఆ మిషను సంగతి చెప్పకపోతే మీకు తలా తోకా అర్థం కాదు.

ఆసుపత్రి కింద నేలమాళిగలో ఉంటుంది లాండ్రీ. కిటికీ అన్నమాటే లేదు. ఓ పక్క బట్టలుతికే పెద్ద మిషన్లు నాలుగు, ఇంకో పక్క ఆరబెట్టేవి, మధ్యలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పొడుగాటి రోలరు. పై అంతస్తుల నుంచి మురికి బట్టల మూటలు గొట్టంలోంచి దబ్బు దబ్బుమని పడుతూనే ఉంటాయి. ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ గౌన్లు మూడో నంబరులో వేస్తారు. వాటిని సలసల కాగే నీళ్ళతో ఉతకాలి. ఆ వేడికి మూడో నంబరు తలుపు లాకు వారానికి రెండుసార్లయినా బిగుసుకుపోతుంది. గౌన్లు లోపల, మనుషులు బయట. పైన థియేటర్లో గౌన్లు లేక ఆపరేషన్ ఆగిపోతుంది. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పడుకున్న రోగి అలాగే పడుకుని ఉంటాడు.

పెద్దక్క చేరిన కొత్తలో ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు. ఉద్యోగం మానేసి పోతూ పోతూ ఆవిడకొక్కదానికే ఆ కిటుకు చెప్పాడు. మెయిన్ స్విచ్ కట్టెయ్యాలి, అరవై లెక్కపెట్టాలి, హ్యాండిల్ పైకెత్తి పట్టుకుని తలుపు ఎడమ కింది మూల మోకాలితో ఒక్క పోటు పొడవాలి. టక్కున ఊడొస్తుంది. మొదటిసారి అలా తీసినప్పుడు సూపర్‌వైజరు నోరెళ్ళబెట్టి, "నీ చేతిలో ఏముందో గానీ అమ్మా, అది నీ మాటే వింటోంది" అన్నాడు.

ఆ మాట ఆవిడ తలకెక్కింది. ఎక్కదూ మరి? పైన డాక్టర్లకు ఆవిడ మొహం కూడా తెలియదు. లిఫ్టులో ఎదురుపడితే రోగి తాలూకు మనిషనుకుని, ఏ వార్డుకు వెళ్ళాలమ్మా అని అడుగుతారు. అలాంటిది కింద ఆవిడ ఆ తలుపు తెరిస్తేనే పైన ఆ డాక్టర్లకు పని. అప్పట్నుంచి లాకు పట్టేసినప్పుడల్లా అందర్నీ తరిమేసేది. ఆవిరి కొడుతుంది జరగండనేది. ఒకరిని సబ్బుకు పంపేది, ఒకరిని టీకి పంపేది. వాళ్ళు తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి, ఏమీ ఎరగనట్టు కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉండేది. ఇరవై రెండేళ్ళు నడిచిందండీ ఈ నాటకం. కుడి మోకాలు కాయకాసి నల్లబడిపోయింది.

అలాంటి మనిషి ఉద్యోగం ఎందుకు మానిందంటే, అదంతా అత్తగారి కళ్ళ చలవ. ఆవిడకు కంట్లో పొర వచ్చింది. నెలకు నాలుగుసార్లు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మొగుడికి స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు పోస్తాయి. సరేనని పెద్దక్క బండి నేర్చుకుంది. నేర్చుకున్నాక తెలిసింది, ఇన్నేళ్ళూ తను ఎండ మొహం చూడలేదని. నేలమాళిగలోకి మెట్లు దిగుతుంటే ఊపిరాడనట్టు ఉండేది. కళ్ళాసుపత్రిలో పరిచయమైన ఒకావిడకు మొక్కల నర్సరీ ఉంది. కుండీలు ఇళ్ళకూ ఆఫీసులకూ చేరవెయ్యడానికి వ్యాను నడిపే మనిషి కావాలంది. పెద్దక్క ఆ వారమే రాజీనామా రాసేసింది.

"నలభై ఆరేళ్ళకు డ్రైవరు ఉద్యోగమా?" అన్నాడు మొగుడు.

"దాని కళ్ళు బాగానే ఉన్నాయి కదరా. నాకుంటే నేనే పోయేదాన్ని" అంది అత్తగారు.

పెద్దక్క స్థానంలోకి నిదానం వచ్చింది. ముప్ఫై రెండేళ్ళ మనిషి, పొట్టిగా ఉంటుంది, ఆరేళ్ళుగా అక్కడే పని. కొంపలంటుకున్నా "నిదానంగా చేద్దాం అక్కా" అంటుంది కాబట్టి అందరూ ఆ పేరే ఖాయం చేశారు. మూడు వారాలు వెంట తిప్పుకుని పెద్దక్క అన్నీ నేర్పింది. ఏ వార్డు మూట ముందు విప్పాలో, నెత్తుటి మరక మీద ఏది పొయ్యాలో, రోలరుకు మైనం గుడ్డ ఎప్పుడు పట్టాలో దగ్గరుండి నోటు పుస్తకంలో రాయించింది. మూడో నంబరు దగ్గరికొచ్చాక, గౌన్లు నలభైకి మించి వెయ్యకూడదని రాయించి ఊరుకుంది.

నిదానం పుస్తకం మీంచి పెన్ను ఎత్తలేదు. "దీని గురించి ఇంకేమన్నా ఉందా అక్కా?" అని అడిగింది.

"ఏముంటుంది? అంతే" అంది పెద్దక్క.

ఎందుకలా అందో ఆవిడకే తెలియదు. చెబుదామనే నోరు తెరిచింది, ఆ నోరే ఇంకోలా పలికింది. సాయంత్రం అందరూ కలిసి చేతిగడియారం బహుమతిగా ఇచ్చి, ఫొటో దిగి పంపించారు. పెద్దక్క ఇంటికొచ్చి ఫోను గొంతు పూర్తిగా పెంచి పెట్టుకుంది.

ఇక అక్కడ్నుంచి చూడాలి ఆవిడ అవస్థ. వ్యానులో స్టీరింగ్ పక్కనే ఫోను. సిగ్నలు దగ్గర ఆగితే ఫోను చూడటం, పచ్చలైటు పడిందని వెనకవాళ్ళు హారన్ కొడితే ఉలిక్కిపడి కదలటం. మూడో అంతస్తుకు ఇవ్వాల్సిన కుండీలు ఐదో అంతస్తుకు మోసుకెళ్ళింది. తెలిసిన వీధిలోనే మలుపు దాటిపోయి రెండు వీధులు చుట్టి వచ్చింది. ఎండ, గాలి, కాళ్ళ కింద రోడ్డు, వెనకాల మొక్కలు, తను కోరుకున్నవన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఒంటికి పట్టడం లేదు. ఏ అంబులెన్సు కూత వినబడినా, అందులో పోతున్నవాళ్ళకు గౌను దొరుకుతుందో లేదోనని గుండె దడదడలాడేది. ఆ వెంటనే, అయితే ఇప్పుడైనా ఫోను వస్తుందనుకునేది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

పదకొండో రోజు సాయంత్రం మొగుణ్ణి పిలిచి, "ఏమండీ, నా ఫోనుకు ఒకసారి కొట్టండి. పని చేస్తోందో లేదో" అంది.

"నిన్ననేగా కొట్టాను. మొన్న కూడా కొట్టాను. పక్క గదిలోంచి రోజూ పెళ్ళానికి ఫోను చేసే మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను" అంటూనే కొట్టాడు. శుభ్రంగా మోగింది. పెద్దక్క మొహం ఇంకా మాడ్చుకుంది.

మంచం మీద కూర్చున్న అత్తగారు కళ్ళజోడు తీసి, "ఇలా రా. ఏమిటి నీ గోల? వారం నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు" అంది.

పెద్దక్క పక్కన కూలబడింది. "లాండ్రీలో ఒక సంగతి చెప్పకుండా వచ్చేశాను అత్తయ్యా."

"మర్చిపోయావా, దాచావా?"

పెద్దక్క దుప్పటి అంచు మడతలు పెట్టింది, విప్పింది. "దాచాను."

"ఎందుకు?"

"నన్ను పిలుస్తారని. నేను లేకపోతే పని నడవదని వాళ్ళకు తెలియాలని." పెద్దక్క దుప్పటి వదిలేసి అత్తగారి వైపు తిరిగింది. "అవతల ఎవరికన్నా ఆపరేషన్ ఆగిపోయుంటే ఎలా అత్తయ్యా? ఆ పాపం నాదే కదా."

"పాపం సంగతి తర్వాత చూద్దాం. నువ్వసలు ఉద్యోగం మానలేదమ్మాయ్. సెలవు పెట్టొచ్చావు, అంతే" అని అత్తగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "రేపు పోయి చెప్పిరా. ఫోనులో కాదు, మొహం చూపించి చెప్పు."

మర్నాడు పదిన్నరకు వ్యాను ఆసుపత్రి వెనక గేటు దగ్గర ఆపింది పెద్దక్క. వెనకాల ఇరవై కుండీలు ఉన్నాయి. పదకొండింటికల్లా ఒక ఆఫీసులో దించాలని నర్సరీ ఆవిడ మరీ మరీ చెప్పి పంపింది. పది నిమిషాల పనేలే అనుకుంది. మెట్లు దిగుతుంటే ఆవిరి వాసన మొహానికి కొట్టింది. తిట్టుకుంటూ బయటపడిన వాసననే ఇప్పుడు గుండెనిండా పీల్చుకుంది.

లోపలికి అడుగు పెట్టగానే మూడో నంబరు మీద ఎర్రలైటు కనబడింది. లాకు పట్టేసింది. పెద్దక్క కాళ్ళు ఇంక ఆగలేదు, చేతిసంచి అక్కడే పడేసి గబగబా నడిచింది. తలుపు ముందు ఇద్దరు ఆడవాళ్ళు తీరిగ్గా తువ్వాళ్ళు మడతపెట్టుకుంటున్నారు. ఎవరి మొహంలోనూ కంగారు లేదు. ఆవిడను చూసి నవ్వారు, బాగున్నావా అక్కా అన్నారు, మళ్ళీ తువ్వాళ్ళలో పడ్డారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపి మెయిన్ స్విచ్ మీదికి చెయ్యి చాచింది.

"వచ్చావా అక్కా? కూర్చో" అంటూ వెనక నుంచి నిదానం వచ్చింది. ఓ చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో చన్నీళ్ళ మగ్గు. మెయిన్ స్విచ్ కట్టేసింది. చన్నీళ్ళు లాకు మీద సన్నటి ధారగా పోసింది. సుయ్‌మని ఆవిరి లేచింది. మగ్గు కింద పెట్టి, గోడకు ఆనుకుని టీ తాగుతూ నిలబడింది. సగం గ్లాసు అయ్యేసరికి టక్‌మని లాకు దానంతటదే వదిలింది. ఇద్దరాడవాళ్ళూ తువ్వాళ్ళు పక్కన పెట్టి గౌన్లు తోపుడుబండిలోకి తోడసాగారు.

పెద్దక్క కుచ్చిళ్ళు కిందికి దించుకుంది. "ఎన్నిసార్లు పట్టేసింది, నేను వెళ్ళాక?"

"ఇది నాలుగోసారి."

"ఆపరేషన్లు ఏమన్నా ఆగాయా?"

"ఎందుకాగుతాయి అక్కా?"

పెద్దక్క గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. దిగిన చోటనే ఇంకోటి వచ్చి కూర్చుంది. "నాలుగుసార్లు పట్టేస్తే నాకొక్క ఫోను చెయ్యాలనిపించలేదా మీకు?"

"మొదటిరోజే సూపర్‌వైజరు గారు చేస్తానన్నారు. నేనే వద్దన్నాను."

"నువ్వా?"

"పిలిస్తే వచ్చేస్తావు కదక్కా నువ్వు. ఒకసారి వస్తే ఇక ప్రతిదానికీ పిలుస్తారు వీళ్ళు. అక్కడ నీ కొత్త పని ఏమైపోవాలి?" నిదానం గ్లాసు అడుగున మిగిలిన టీ తాగి పక్కన పెట్టింది. "చక్కగా బండి నడుపుకుంటోంది, ఆవిణ్ణి వదిలెయ్యండి సార్ అన్నాను."

పెద్దక్క తల దించుకుంది. మోసం చేసింది తను. ఆ మోసపోయిన మనిషే తనకు కాపలా కాసింది. చెప్పాలనుకుని వచ్చింది చెప్పకపోతే ఇంక ఈ జన్మలో చెప్పలేననిపించింది. "ఆ తలుపు మోకాలితో తీసేదాన్ని. ఆ కిటుకు నీకు చెప్పలేదు నేను."

"తెలుసు. నువ్వు సబ్బుకు పంపేదానివి కదా. సబ్బు గది తలుపు సందులోంచి అంతా కనబడుతుంది. ఆరేళ్ళ నుంచీ చూస్తున్నాను. నా మోకాలు అంత ఎత్తు అందలేదు, అందుకే నీళ్ళు పోసి చూశాను."

"తెలిసే అడిగావా ఆ రోజు? ఇంకేమన్నా ఉందా అని?"

నిదానం తడి గౌను ఒకటి తీసి దులిపింది. అంచులు చూసింది. బండిలో వేసింది.

"చెబుతావేమోనని అడిగాను" అంది.

పెద్దక్కకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నాలుగు తిట్టినా బాగుండేది, నిష్ఠూరమాడినా బాగుండేది. "కావాలనే చెప్పలేదు తల్లీ. మీరు నన్ను పిలవాలని. నేను లేక మీరు ఇబ్బంది పడాలని" అంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"అదీ తెలుసులే" అంది నిదానం. ఫరవాలేదని మాత్రం అనలేదు.

గొట్టంలోంచి దుప్పట్ల మూట దబ్బున పడింది. పెద్దక్క చెయ్యి అలవాటుకొద్దీ మూట విప్పడానికి పోయింది. నిదానం వచ్చి ఆ ముడి ఆవిడ చేతిలోంచి మెల్లగా విడిపించుకుంది.

"బండి ఎక్కడ పెట్టావక్కా?"

"వెనక గేటు దగ్గర."

"మొక్కలున్నాయా అందులో?"

"ఇరవై కుండీలున్నాయి."

"పొద్దెక్కుతోంది, వాటిని ఎండలో వదిలేసి వచ్చి ఇక్కడ దుప్పట్లు విప్పుతున్నావా? పద" అని నిదానం ఆవిడ చేతిసంచి తీసి భుజానికి తగిలించి మెట్ల దాకా వచ్చింది. అక్కడ ఆగి, ఎప్పటిలాగే తొందర లేకుండా చెప్పింది. "నన్ను చూడాలనిపిస్తే మా ఇంటికి రా అక్కా. ఏ ఆదివారమైనా రా, అన్నం తిని వెళుదువుగానీ. ఇక్కడికి మాత్రం రాకు."

పెద్దక్క అలాగేనంది. సగం మెట్లెక్కి వెనక్కి తిరిగి చూసింది. నిదానం అప్పుడే రోలరు దగ్గరికి పోయి దుప్పటి ఒక అంచు పట్టుకుంది, ఇంకొకామె రెండో అంచు పట్టుకుంది. మెట్ల వైపు ఎవరూ చూడటం లేదు.