వెంట ఉండేవారు

పరీక్ష కోసం మావారి చొక్కా గుండీలు విప్పడానికి వంగినప్పుడు నాకు ఊపిరి అందలేదు. మూడో గుండీ దగ్గర ఆగి, మంచం అంచు పట్టుకుని నిలబడ్డాను.

"త్వరగా కానివ్వవే, ఈ ఏసీకి చలేస్తోంది," అన్నారు మావారు.

ముప్పయ్యొక్క సంవత్సరాలు ఈ ఆసుపత్రి ఎకో గదిలోనే గుండె పరీక్షలు చేసి పదవీ విరమణ పొందాను. వైరల్ జ్వరం తగ్గిన తరువాత ఆయాసపడే రోగిని ఎకో తీయకుండా ఇంటికి పంపరాదన్న నియమాన్ని పట్టుబట్టి పెట్టించినది నేనే. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని సైతం తాకుతాయి. జ్వరం పోయిందని మనం సంతోషిస్తున్న రోజుల్లోనే అది మెల్లగా సడలిపోతుంది. ఇంత తెలిసి కూడా, మా ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం వచ్చినప్పుడు, పరీక్షకు ఆయన పేరు మాత్రమే రాయించాను. ఆయన పదకొండు రోజులు మంచం మీద ఉన్నారు. నేను మూడోనాడు లేచాను. చెప్పు పట్టీ వాచిన పాదంలో గాడి చేస్తోందని, రెండు దిండ్లు లేనిదే పడుకోలేకపోతున్నానని నాకు తెలుసు. అవే మాటలు పరాయి స్త్రీ చెప్పి ఉంటే ప్రమాదమని కాగితం మీద ఎర్రగీత గీసేదాన్ని. నా విషయంలో దానికి నీరసమని పేరు పెట్టాను. "కూర్చుని బొమ్మలు తీసే ఉద్యోగం, దానికి అలుపేమిటమ్మా?" అని మా అత్తగారు అనేవారు. ఆ మాటను అబద్ధం చేయాలని ఉద్యోగం చేసినంత కాలమూ అలసిపోని దానిలా నటించాను. చివరికి ఆ నటనను నమ్మినదీ నేనే.

"సార్ గుండె బాగుంది మేడం," అంది పరీక్ష చేసిన అమ్మాయి. ఆమెకు పని నేర్పింది నేనే. అదీ నా గుండె మీదే సాధన చేయించి.

"చెప్తే విన్నావా? ఉత్త పుణ్యానికి నన్ను ఇంత దూరం లాక్కొచ్చావు," అంటూ ఆయన లేచి కూర్చున్నారు.

ఆ అమ్మాయి నా పాదాల వైపు చూసింది. "మీరూ ఒకసారి పడుకోండి మేడం."

"దానికెందుకమ్మా? ముప్పై ఏళ్ళు గుండెల మధ్య తిరిగిన మనిషి. ఏ జబ్బయినా దాన్ని చూసి దణ్ణం పెట్టి పోతుంది," అన్నారు మావారు.

నేనూ నవ్వబోయాను. నవ్వడానికి ఊపిరి చాలలేదు. ఎడమ వైపుకు తిరిగి పడుకున్నాను.

జెల్ చల్లగా తగిలింది. కొంతసేపటికి ఆ అమ్మాయి, "ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి కదా మేడం," అంది.

తెర మీద చెడు కనిపిస్తే ముఖం మారనివ్వకుండా ఎండావానల గురించి మాట్లాడమని నేర్పింది నేనే.

"తెర ఇటు తిప్పు," అన్నాను.

గుండె గోడ తడిసిన గుడ్డలా బరువుగా కదులుతోంది. గుండె రక్తాన్ని తోసే శాతం, అరవైకి దగ్గరగా ఉండవలసినది, ముప్పై అయిదు దగ్గర ఆగింది.

డాక్టరు వచ్చి చూశారు. నన్ను వెంటనే ఆసుపత్రిలో చేర్చాలని, ఇంటి మెట్లెక్కినా ప్రమాదమేనని చెప్పారు.

"ఇవాళేనా? రెండు రోజులు చూద్దాం డాక్టరుగారూ," అన్నారు మావారు. "నాకే ఇంకా ఓపిక రాలేదు. ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు?" తరువాత నా వైపు వంగి, గొంతు తగ్గించి, "నువ్వే చెప్పవే. ఇంట్లో పడుకుంటే సరిపోదూ?" అన్నారు.

సరిపోతుందనే మాట నా నాలుక చివరనే ఉంది. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. దాన్ని మింగి, చేర్చుకునే కాగితం అడిగాను.

ఆ కాగితం నాకు కొత్త కాదు. మామగారికి, అత్తగారికి, రెండుసార్లు ఈయనకు నింపాను. పేరు, వయసు, జబ్బు రాసుకుంటూ పోయాను. అడుగున 'వెంట ఉండేవారు' అన్న గడి దగ్గర నా చేయి ఆగలేదు. అలవాటు ప్రకారం నా పేరే రాసేసింది. పైన రోగిని నేను, కింద ఆమెకు కాపలా నేను. రెండు పేర్లనూ కాసేపు చూశాను.

కింది పేరును ఒకే గీతతో కొట్టివేసి, కాగితాన్నీ కలాన్నీ ఆయన ముందుకు జరిపాను.

"ఇక్కడ మీ పేరు రాయండి. అక్షరాలు స్పష్టంగా ఉండాలి. నాకు ఏం కావలసి వచ్చినా వీళ్ళు ఆ పేరే పిలుస్తారు."