ఏడుతో మొదలయ్యే సంఖ్య

ఆరేళ్ల కాపురం చాలనిపించి, వారం క్రితం అన్నయ్య దగ్గరికి వచ్చేశాను. అన్నయ్య ఇనప్పెట్టెలు చేస్తాడు. ఆ మధ్యాహ్నం మా ఆయన సుత్తి పట్టుకుని వీధి మొదట్లో కనబడగానే, బ్యాంకు కోసం చేసిన ఉక్కు గదిలోకి నన్ను తోసేశాడు.

"లోపల్నుంచీ తీయొచ్చు. నంబరు మన ఆటదే, ఏడుతో మొదలు. నేను పిలిచేదాకా రాకు," అని తలుపు మూసేశాడు.

ఆ ఆట మా ఇద్దరి పిచ్చి. ఒక సంఖ్య రాయాలి. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించకూడదు. చివరి అంకె కొట్టేసినా మిగిలింది అలాగే ఉండాలి. ఇలా ఒక్క అంకె మిగిలేదాకా. ఏడుతో మొదలై ఎనిమిది అంకెల దాకా వెళ్లేది ఒక్కటే ఉంది, ఆపైన దారి లేదు. దాన్ని పట్టుకోవడానికి మాకు రెండు వేసవి సెలవులు పట్టాయి.

తలుపు కింద గాలి కన్నంలోంచి అంతా వినబడుతోంది. అన్నయ్య కుడిచేతిని మా ఆయన ఇనుము కదలకుండా పట్టే వైసులో పెట్టి బిగించాడు.

"నంబరు చెప్పు బావా. నా పెళ్లాన్ని నాకిచ్చెయ్, పోతా."

"చంపడానికేగా," అన్నాడు అన్నయ్య.

చిటికెన వేలి మీద సుత్తి పడింది. అన్నయ్య అరిచాడు. పిలిచేదాకా ఆగమన్నాడు. ఆగడమా, నా బొంద.

చీకట్లో తడుముతూ, టిక్కులు లెక్కపెడుతూ డయల్ తిప్పాను. ఏడు, ఒకటి, తొమ్మిది, మూడు, మూడు, మూడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. దాని పక్కన ఏ అంకె పెట్టినా ఏదో ఒకటి భాగించేస్తుంది. చిన్నప్పుడూ ప్రతిసారీ ఈ దారిలోకే వెళ్లి అన్నయ్య చేత మొట్టికాయలు తినేదాన్ని. బుద్ధి గడ్డి తిని మళ్లీ అదే దారి పట్టాను. ఈలోపు ఉంగరం వేలు పోయింది.

"చేతిపని వాడివి బావా. ఇంకా ఎనిమిదే ఉన్నాయి."

మళ్లీ మొదటికి తిప్పాను. ఏడు, మూడు, తొమ్మిది, మూడు, తొమ్మిది, ఒకటి. బయట మధ్యవేలు విరిగింది. మూడు, మూడు. గడియ జారింది.

అరల కోసం తెచ్చిన ఇనుప కమ్మీ ఒకటి కాళ్ల దగ్గర పడి ఉంది. దాన్ని పట్టుకుని బయటికొచ్చాను. మా ఆయన తిరిగి "రావే" అనేలోపు మోకాలి మీద కొట్టాను. కూలబడ్డాడు. సుత్తి పట్టిన చేతి మీద కొట్టాను. ఆరేళ్లు నన్ను కొట్టిన చెయ్యి అది, అందుకని మళ్లీ కొట్టాను. "చాలే, చచ్చిపోతాడు" అని అన్నయ్య అనేదాకా ఆపలేదు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

నుజ్జయిన మూడు వేళ్లనూ డాక్టరు తీసేసింది. అన్నయ్యకి మెలకువ వచ్చాక పక్కన కూర్చుని, ఏడుస్తూ నిజం చెప్పేశాను. ఏడు తర్వాత ఒకటికి బదులు మూడు వేసి ఉంటే రెండు వేళ్లు దక్కేవి.

అన్నయ్య కట్టు కట్టిన చేతినీ, మంచి చేతినీ దుప్పటి మీద పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాడు.

"ఏడున్నాయే," అన్నాడు. "మన ఆట మొదలయ్యేది దాంతోనేగా."