నలభై రెండో లెవెల్

మూడు పాత వీడియో ఆటలు, ఒకే పెట్టె, కొత్త రంగులు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే వదిన ఇంట్లో కూర్చుని ఆ పెట్టె సీలును పళ్ళతో కొరికి తీసింది. ఆడపడుచు అప్పటికే టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"వదినా, రెండో రిమోట్ తగిలించు!"

తగిలించింది. తెర మీద మాత్రం ఒక్క బొమ్మే నిలబడింది. కింద చీమల్లాంటి అక్షరాలు: ఇద్దరి ఆట విడిగా కొనాలి.

"విడిగానా? పాత క్యాసెట్లో ఇద్దరం ఆడుతున్నాంగా!"

"అదే వీళ్ళ తెలివి. పాతవన్నీ ఒక కట్ట కట్టి, అసలు ముక్క లాగేసుకున్నారు."

"పోనీలే, ఆ పాతదే పెట్టు."

వదిన రిమోట్ కింద పెట్టేసి, జరిగింది చెప్పింది. పాతది అద్దెది. కొత్త పెట్టె కొన్నాం కదా అని పొద్దున్నే కొట్టులో తిరిగిచ్చేసింది. వారం వారం అద్దె కట్టి ఇద్దరూ ఆడిన ఆరు నెలల ఆట అందులో దాచి ఉంది. నలభై ఒక్క లెవెళ్ళు దాటారు. మిగిలింది ఒక్కటే.

అద్దె కొట్టాయనకో పద్ధతి ఉంది. తిరిగొచ్చిన క్యాసెట్లలో దాచిన ఆటలన్నీ సరిగ్గా నాలుగింటికి తుడిచేస్తాడు.

గోడ మీద గడియారం మూడూ నలభై ఐదు చూపిస్తోంది.

"ఫోన్ చెయ్యి!"

"ఈ వేళప్పుడు ఎత్తడు. పద!"

ఆడపడుచు ఒక్కో కాలికి ఒక్కో రకం చెప్పు. రెండు వీధులు, ఒక మెట్లదారి. వదిన ఎవరి సంచినో గుద్దుకుని, వెనక్కి తిరక్కుండానే క్షమాపణ చెప్పింది. ఇద్దరూ ఊపిరాడక కొట్టులో పడేసరికి కొట్టాయన క్యాసెట్‌కి వైరు తగిలించబోతున్నాడు.

"ఆగండి! అది మాది!"

"మీదెలా అవుతుంది?" కౌంటర్ దగ్గర యూనిఫాంలో నిలబడ్డ బస్సు కండక్టరు అడిగింది. "మీరు ఇచ్చేశారు. ఈ వారం నా పేరు రాశారు."

"మేం కొనుక్కున్నాం కూడా!" ఆడపడుచు కొత్త పెట్టె పైకెత్తింది.

"అయితే అదే ఆడుకోండి."

వదిన ఆడపడుచుని మోచేత్తో ఆపింది. కండక్టరు అన్నదాంట్లో తప్పేముంది? కండక్టరు ఆ పెట్టెను తేరిపార చూసి పకపకా నవ్వింది.

"మీకూ అంటగట్టారా! మా చెల్లి రెండో రిమోట్ పట్టుకుని నిన్నంతా తిట్టిపోసింది. అందుకే పాతదాని కోసం వచ్చా. ఎన్ని మిగిలాయి?"

"ఒక్కటే!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"నా బస్సు నాలుగుంపావుకి. ఈలోగా కానివ్వండి."

కొట్టాయన క్యాసెట్లు పరీక్షించే టీవీ వాళ్ళవైపు తిప్పాడు. కూలుతున్న వంతెన మీద ఇద్దరూ ఒకే క్షణాన దూకాలి. మొదటిసారి వదిన ముందు దూకింది. రెండోసారి ఆడపడుచు ఆలస్యం చేసింది.

"నిద్రపోతున్నావా తల్లీ?"

"మా అన్నని లేపినట్టు నన్ను లేపకు వదినా!"

మిగిలింది ఒక్క ప్రాణం. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుంది. "నా ఈలకి దూకండి."

ఈల మోగింది. దూకారు. వంతెన వెనకాల కుప్పకూలింది, ముందు తలుపులు తెరుచుకున్నాయి. తెర నిండా వాళ్ళకి పట్టిన సమయం మెరిసింది: నాలుగు నిమిషాల తొమ్మిది సెకన్లు. ఆడపడుచు వదినని ఎత్తి గిరగిరా తిప్పేసింది.

కొట్టాయన వైరు అందుకున్నాడు. "సరే, ఇక తుడిచేస్తా."

"ముట్టుకుంటే ఊరుకోను!" కండక్టరు క్యాసెట్ లాక్కుని జేబులో వేసుకుంది. "ఆ టైము అలాగే ఉండాలి. నేనూ మా చెల్లీ అంతకన్నా తక్కువలో దాటాలి."

"కలలోనే!" అంది ఆడపడుచు.

వదిన అప్పటికే కౌంటర్ మీదికి వంగింది. "వచ్చే వారానికి మా పేర్లు రాసుకోండి. ఇద్దరివీ!"