రెండు వేళ్లు పెరిగిన బూర

సత్యానందం ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాదిన ఒక రైఫిళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి, ఒక్కసారి కూడా సుత్తి పట్టకుండా రిటైరై రాచర్లకు తిరిగొచ్చాడు.

సుత్తులన్నీ మిషనువే. మధ్యలో బొక్క ఉన్న మందపాటి ఉక్కు గొట్టం. ఆ బొక్కలోకి దానికంటే గట్టి కడ్డీ. కడ్డీ మీద మెలితిరిగిన గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. చుట్టూ నాలుగు సుత్తులు నాలుగు దిక్కుల నుంచీ నిమిషానికి వెయ్యి దెబ్బలు వేస్తాయి. గొట్టం సన్నబడుతుంది, సాగుతుంది, దాని లోపల కడ్డీ గీతలు గాడులుగా అచ్చు పడతాయి. గుండు ఆ గాడుల వెంట తిరుగుతూ పోతుంది కాబట్టి గురి తప్పదు. మూడు నాలుగు నిమిషాల్లో తుపాకీ గొట్టం తయారు. సత్యానందం పని గొట్టం పెట్టడం, పచ్చ బొత్తాం నొక్కడం, బయటికొచ్చాక తుడవడం.

రాచర్లలోనే ఉండిపోయిన భార్య యేసుమణి మాత్రం ఊరికి వేరేగా చెప్పింది. మా ఆయన ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో సుత్తి పట్టుకొని కొడితేనే మిలిటరీకి తుపాకీ వస్తుందని. సెలవుకొచ్చినప్పుడు ఆయన తిట్టాడు.

"సుత్తులే గదా కొట్టేది? ఎవురి చేతిలో ఉంటే ఏంది?" అంది.

నాలుగేళ్ల కిందట చచ్చిపోయింది. పోయేటప్పుడైనా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన క్షమించలేదు.

ఆ మాట పుణ్యాన సొట్టబడ్డ బిందెలు, వంగిన గడ్డపారలు ఆయన గుమ్మానికి వచ్చేవి. అదంతా ప్రభుత్వ రహస్యం, బయట చేయకూడదని చెప్పి తిప్పి పంపేవాడు.

ఒక మంగళవారం ముస్తాక్ అహ్మద్ వచ్చాడు. ఆయనకు గిద్దలూరులో పెళ్లిళ్ల బ్యాండు ఉంది. రెండు ట్రంపెట్లలో ఒకదాని మీదికి ఆటో ఎక్కి, ఊదే చోటు నుంచి పోయే తిన్నని ఇత్తడి గొట్టం చప్పటైంది. టంకం వేసే అతను గొట్టాన్ని విప్పి ఇచ్చాడు గానీ, సొట్ట తీయడం తన వల్ల కాదన్నాడు. ఆదివారం కంభంలో పెళ్లి. సత్యానందం రహస్యం సంగతి చెప్పాడు. ముస్తాక్ గొట్టాన్ని మళ్లీ గుడ్డలో చుట్టాడు.

"సరేలే అన్నా. మా జైనాబీ ముందే చెప్పింది. యేసుమణక్కవన్నీ కోతలు, నువ్వు పోయేది దండగ అని."

జైనాబీ ముస్తాక్ భార్య. ఇరవై ఏళ్లు వారం వారం రాచర్లకు చీరలు తెచ్చి అమ్మింది. అన్నేళ్లూ యేసుమణి అరుగు మీద కూర్చొని తుపాకుల కథ వింది. యేసుమణిని అబద్ధాలకోరు అనే హక్కు ఈ లోకంలో ఒక్క మనిషికే ఉందని సత్యానందం లెక్క. ఆ మనిషి జైనాబీ కాదు.

"ఇట్లియ్యి," అన్నాడు.

లోపల కడ్డీ లేకుండా కొడితే గొట్టం ఇంకా అణుగుతుందని ఆయనకు తెలుసు. చెడిపోయిన మోటారు ఇరుసు ఒకటి వెతికి, కొన సన్నగా అరగదీసి, గ్రీజు పూసి, కొంచెం కొంచెంగా లోపలికి దించాడు. తీరా చూస్తే ఇంట్లో సుత్తి లేదు. యేసుమణి అల్లం దంచే ఇత్తడి రోకలి ఉంది. నాలుగు సుత్తుల పని అదొక్కటే చేయాలి కాబట్టి, దెబ్బకోసారి గొట్టాన్ని పావు చుట్టు తిప్పాడు. దెబ్బకోసారి యేసుమణిని ఒక మాట అన్నాడు. బుధవారం సాయంత్రానికి సొట్ట పోయింది. తిట్లు అయిపోలేదు. గురువారం కూడా కొట్టాడు.

శనివారం పొద్దున ముస్తాక్ ఆ గొట్టాన్ని అతికించుకొని, బ్యాండునంతా ఆటోలో వేసుకొని వచ్చాడు. జైనాబీ కూడా దిగింది. ముస్తాక్ తమ్ముడు జావీద్ బాగైన ట్రంపెట్‌ను ఒక్కదాన్నే ఊదాడు. బ్రహ్మాండంగా పలికింది. సత్యానందం జైనాబీ వంక చూశాడు. అప్పుడు రెండో ట్రంపెట్ కలిసింది. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు తోడికోడళ్లు నిలబడ్డట్టయింది. పక్కింటి మేకలు తాళ్లు తెంపుకున్నాయి.

ఎందుకో సత్యానందానికి వెంటనే తెలిసింది. కొట్టిన గొట్టం సాగుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన కళ్లముందే సాగింది. ఇది రెండు వేళ్లు పెరిగింది. గొట్టం పెరిగితే శ్రుతి దిగుతుంది. శ్రుతి సర్దుకునే జారుడు గొట్టాలు రెండు ట్రంపెట్లకూ చిలుము పట్టి ఏనాడో బిగుసుకుపోయాయి.

పెరిగినంత మేరా కోసేయమన్నాడు ముస్తాక్. కోయొచ్చు. ఫ్యాక్టరీలో కూడా కొనలు కోస్తారు. కానీ జైనాబీ చేతులు కట్టుకొని చూస్తూ ఉంది.

"కోసేదేంది? ఇది సరిగ్గానే ఉంది. ఆ రెండోదే పొట్టి. దాన్ని విప్పించుకోని రాపో."

దాని మీదికి ఏ ఆటో ఎక్కలేదని ముస్తాక్ మొత్తుకున్నాడు. తెల్లారితే పెళ్లి. గత్యంతరం లేక గిద్దలూరు పోయి, టంకం విప్పించి గొట్టం తెచ్చాడు. జైనాబీ అంతసేపూ అరుగు దిగలేదు, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఆమె ముందర యేసుమణిని తిట్టడానికి లేదు. సత్యానందం నోరు మూసుకొని కొట్టాడు. అందుకే చెయ్యి కుదిరింది.

"అది అక్క అల్లం రోకలి గదా బావా?"

"ఫ్యాక్టరీ సుత్తే. మీ అక్క అల్లానికి వాడుకునేది."

మధ్యాహ్నానికి రెండు గొట్టాలూ దారంతో కొలిస్తే సమానమయ్యాయి. టంకం తర్వాత చూసుకోవచ్చని టేపు చుట్టి ఊదారు. పాట మునుపటికంటే బరువుగా ఉంది గానీ ఒక్క గొంతుతో వచ్చింది. మేకలు కదల్లేదు. క్లారినెట్ ఊదే ఇస్సాకు కలవబోయాడు, శ్రుతి కలవలేదు. సత్యానందం రోకలితో అతని వైపు తిరిగాడు. ఇది కట్టెది మామా అంటూ ఇస్సాకు క్లారినెట్‌ను వీపు వెనక దాచుకొని ఆటో ఎక్కాడు. రేపటికి అతను గిలక్కాయలు ఊపితే చాలని ముస్తాక్ తేల్చేశాడు.

జైనాబీ అప్పుడు అరుగు దిగింది.

"నేనన్నది తప్పే బావా. అక్క అబద్ధం చెప్పలే."

చెప్పింది, అనుకున్నాడు సత్యానందం. బతికినన్నాళ్లూ చెప్పింది. మొన్న బుధవారం నుంచే అది నిజం.

ఆటో పోయాక రోకలిని సబ్బుతో మూడుసార్లు కడిగాడు. గ్రీజు వాసన పోలేదు. ఇక అల్లం దంచడానికి పనికిరాదు. అదీ యేసుమణి తప్పే.