గోడ మీద ఊపిరి

పొద్దున్నే టీ తాగడం, బ్రష్షులు కిరోసిన్‌లో కడగడం, నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరడం. బోర్డులు రాసే పెయింటరు బతుకంతా అదే. ఆయన ఏ మాట రాస్తే ఆ అక్షరాలు నిజంగా అలాగే అయ్యేవి. ఐసు దుకాణం మీద ‘చల్లన’ అని రాస్తే, ఎండకు తాళలేని జనం ఆ అక్షరాలకు చెంప ఆనించి మరీ పోయేవాళ్లు. పరుపుల కొట్టు మీది ‘మెత్తన’లో పిచ్చుకలు దిగబడి నిద్రపోయేవి. కొట్టాయన వాటిని చీపురుతో తోలేవాడు.

భార్యకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రివాళ్లు చేతులెత్తేసి ఇంటికి పంపారు. పెయింటరు ఉత్త మొండిఘటం. ఆ సాయంత్రమే ఆవిడ మంచానికి ఎదురు గోడ మీద ‘ఊపిరి’ అని చాక్‌పీసుతో గీసి నీలం రంగు నింపాడు. అక్షరాలు ఉబ్బాయి, తగ్గాయి. ఆవిడ వాటితో పాటే పీల్చింది, వదిలింది. చూడ్డానికొచ్చిన ఆడపడుచు, కిటికీ తీసి ఉంచితే రంగు తొందరగా ఆరుతుందని చెప్పి వెళ్లింది.

ఊపిరి పీల్చీ వదిలీ ఆ రంగు పలచబడేది. రోజూ ఇంకో పూత వేయాలి. ఒక పూత ఆరందే రెండోది వేయకూడదని, పని నేర్చుకోడానికొచ్చిన వాళ్లందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషే. భయం పట్టుకున్నవాడికి ఆరేదాకా ఆగే ఓపిక ఎక్కడిది? తడి మీద తడి పూశాడు. నెల తిరిగేసరికి ‘ఊపిరి’ అట్టకట్టి బరువెక్కింది. లేవాలంటే ఒక్కో అక్షరం పెళపెళమనేది. ఆవిడ పక్కటెముకలూ అలాగే పెళపెళమనేవి. చేతులారా చేశానే అని పెయింటరు తల బాదుకున్నాడు.

ఆవిడ దగ్గరికి పిలిచింది.

“ఏవండీ, ఇక నావల్ల కాదు. గీకేయండి.”

“గీకేస్తే ఏమవుతుందో తెలుసా నీకు?”

“తెలుసు. మీరే గీకండి.”

రెండ్రోజులు విననట్టు తిరిగాడు. మూడోరోజు మధ్యాహ్నం ఆవిడ అడగడం కూడా మానేసి గోడకేసి చూస్తూ పడుకుంది. ఆ చూపు భరించలేక పాత రంగు గీకే రేకు తీశాడు. చివరి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. మొదటి అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కానివ్వమన్నట్టు తల ఊపింది.

అందరూ వచ్చి వెళ్లిపోయాక ఆయన ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాడు. తనూ పోదామనే అనుకున్నాడు. తిండి మానేశాడు, నీళ్లు మానేశాడు, ఊపిరి కూడా బిగబట్టి చూశాడు. గీకినప్పుడు ఎగిరిన నీలం పెచ్చు ఒకటి ఆయన రొమ్ముకు అంటుకుని ఉంది. అది ఉబ్బుతోంది, తగ్గుతోంది. దాంతోపాటే ఆయన రొమ్మూ లేచి పడుతోంది. గోళ్లతో పీకి చూశాడు. రాలేదు.

తడి మీద తడి పూసిన రంగు. పైకి ఎండినట్టుంటుంది గానీ లోపల పచ్చిగానే ఉంటుంది. అది పూర్తిగా ఆరి ఊడాలంటే ఏళ్లు పడుతుందని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?