పనసచెట్టును పడమటిగోడయును

పుష్యమాసపు ప్రాతఃకాలము. ప్రొద్దుపొడిచి జాము గడచినను హిమయవనికాంతరితుడగు భాస్కరుడు తోమని కంచుపళ్ళెమువలె మసకమసకగా మాత్రమే కానవచ్చుచుండెను. కాఫీతోటల నీడలనుండి మెల్లమెల్లగా ఎగబ్రాకిన తుహినపటలము మన్యపర్వతశిఖరముల మ్రింగి లోయల నింపి పెంకుటిండ్ల చూరులవెంబడి బొట్లుబొట్లుగా రాలుచుండెను. కోళ్ళుసైతము కూయుటకు నోరు తెఱచి చలికి వెఱచి మరల మూసికొనుచుండెను. అట్టి ఉదయమున చింతపల్లికి ఎగువనున్న యొక పల్లె చివర పసుపువర్తకుడగు కూర్మయ్య తన పెరటిలోని పనసచెట్టు మొదట నిలిచి దానిని ఎటు కూల్చిన గోడకు దెబ్బ తగులదో యని చూచుచుండెను.

ఆ చెట్టు అతని తండ్రి జగ్గయ్య స్వహస్తములతో నాటి నీరుపోసి పెంచినది. దానిని నఱికింపవలసిన అగత్యము తెచ్చిపెట్టినది ఆ తండ్రి కట్టిన యిల్లే. శిలామృణ్మయకుడ్యశోభితమై విశాలగవాక్షపరివృతమైన ఆ పురాతనగృహము వేసవియందు స్వర్గతుల్యమేగాని శీతకాలమున మాత్రము వాయుదేవుడు అద్దె యీయక కాపురముండు సత్రము. తలుపుసందులను గుడ్డపేలికలతోను కిటికీలను గోనెలతోను ఎంత బిగించినను పడమటిగది వెచ్చబడదయ్యెను. ఆ గదిలోనే కూర్మయ్య భార్య పైడమ్మ నెలలు నిండకమునుపే పుట్టిన ఆడుశిశువును రొమ్మున హత్తుకొని పరుండియుండెను. ఒంటివేడి నిలువనిచో బిడ్డ ప్రాణమునకే ముప్పని వైద్యుడు చెప్పియుండెను. గది మార్చుదమన్నను తక్కినగదులనిండ అమ్ముడుపోని పసుపుకొమ్ములు, పైగా పురుడు వెడలువఱకు పురిటిగదిని మార్చుట ఆ యింట ఆచారము కాదు.

కావున కుంపటి ఆఱకుండ ఎగద్రోయుచునే యుండిరి. పడమటిగోడ వెలుపల చూరంత యెత్తున పేర్చిన కట్టెలగుట్ట తఱగి తఱగి మోకాలిలోతునకు దిగెను. పసుపు అమ్మిన సొమ్మంతయు కుంపటిపాలయ్యెను. చిత్రమేమనగా కట్టె కాలినకొలది చలి తగ్గుటకు మాఱుగా పెరుగుచుండెను. కూర్మయ్య ఇదంతయు తన గ్రహచారమనుకొనెను. పాపము, అతని స్థానమున మనమున్నను అట్లే యనుకొందుము. కడకు పనసచెట్టు నిచ్చి ఎండుకట్టెలు తెచ్చుకొనునట్లు కఱ్ఱల అడితివానితో మాటాడుకొని వచ్చెను. తల్లి అచ్చియ్యమ్మ ఆ మాట విని "పిల్లకంటే సెట్టు ఎక్కువేటిరా, కొట్టించీ" అని తానే యనెను. అన్నదేగాని నాటినుండి ఆమెకు అన్నము సయింపలేదు.

గొడ్డలివారు ఇంకను రాలేదు. లోపల అచ్చియ్యమ్మ గోరువెచ్చని నీట ముంచిన గుడ్డతో మనుమరాలి ఒడలు తుడిచి పొత్తిళ్ళలో చుట్టి తల్లి ప్రక్కన పరుండబెట్టి, తరతరముల అలవాటుచొప్పున మూకుటిలోని నిప్పులపై చిటికెడు సాంబ్రాణి చల్లెను. సుగంధబంధురమైన ఆ ధూమలేఖ నిటారుగా లేచి కప్పుక్రింది పొగకంతను చేరవలసినదిగా, జానెడెత్తు లేచి నడుము విఱిగినట్లు ఒక్కప్రక్కకు ఒఱగెను. మంచముపైనుండి పైడమ్మ దానిని చూచెను.

"అత్తా, పొగ సూడు. భోషాణం ఎనకాల్నుంచి ఎవులో ఊదుతున్నట్టు నేదూ?"

పడమటిగోడ నానుకొని పెద్ద టేకు భోషాణమొకటి యుండెను. పైడమ్మ పిలుపునకు లోనికి వచ్చిన కూర్మయ్య మూకుడెత్తి దాని మూలకు చేర్చగా పొగ బెదరిన పశువువలె వెనుకకు పరుగెత్తెను. అతడు భోషాణమునకు భుజము మోపెను.

"వొద్దురా, దాన్ని కదపకు!" అని అచ్చియ్యమ్మ కేకవేసెను.

ఆ కేకతో కూర్మయ్యకు జ్ఞప్తి వచ్చినది. జగ్గయ్య ధనిష్ఠాపంచకమున మరణించెను. అట్టి మృతుని గడప దాటింపరాదని పెద్దలు శాసింపగా పడమటిగోడను మనిషిపట్టు కంతగా త్రవ్వి ఆ త్రోవనే శవమును వెలుపలికి కొనిపోయిరి. తలవైపు పట్టినవాడు కూర్మయ్యయే. పిమ్మట కంతలో రాళ్ళు పేర్చి ఇల్లు విడిచిపోయి, దోషకాలము గడచి శాంతి జరిగినపిమ్మట తిరిగి వచ్చిరి. లోపల భోషాణము నిలిచెను, వెలుపల కట్టెలగుట్ట లేచెను. మట్టి మెత్తించితినని తల్లి చెప్పగా కొడుకు నమ్మెను. కట్టెలు తీయునపుడైనను ఆ గోడవైపు కన్నెత్తి చూచుటకు అతనికి మనసొప్పకుండెను. ఆ కట్టెలే ఇన్నాళ్ళు గాలికి అడ్డమై యుండగా, బిడ్డకై వానిని కాల్చినకొలది బిడ్డమీదికే కంత తెఱచికొనుచు వచ్చినది.

"మెత్తించనేదురా నాయినా," అని అచ్చియ్యమ్మ కూలబడి యేడ్చెను. "మీ అయ్య ఎల్లిన తోవది. నా సేతుల్తో ఎలా మూసీమన్నావు?"

కూర్మయ్యకు కోపము రావలసినదిగాని రాలేదు. తల్లి వీపు నిమురుచు కూర్చుండెను. అంతలో బిడ్డ పిల్లికూనవలె సన్నగా ఏడ్చెను. అచ్చియ్యమ్మ ఆ చిన్నిపాదములు తాకి చూచి, కన్నులు తుడుచుకొని లేచి, "బోసాణం లాగరా. మన్ను తొక్కించు" అనెను.

అప్పుడే వచ్చిన గొడ్డలివారు గొడ్డండ్లు మూల బెట్టి ఎఱ్ఱమన్నున ఊకయు పేడయు కలిపి త్రొక్కిరి. రాళ్ళసందులు నిండెను. పొగకంతను మాత్రము అచ్చియ్యమ్మ మూయనీయలేదు, బొగ్గులపొగ పసిదానికి పడదని. కడపటి ముద్దను తానే యందుకొని చాలసేపు చేతనుంచుకొని కంతలో నొత్తి అఱచేతితో మెల్లగా రాచెను. సాయంకాలమునకు ఒక్క కుంపటి, అదియు సగము నిప్పులతో, ఆ గదికి చాలెను. పైడమ్మ ఎన్నినాళ్ళకో కంటినిండ నిద్రపోయెను.

గోడ యారి బిడ్డ బుగ్గలు తేరినపిమ్మట ఒక మధ్యాహ్నము అచ్చియ్యమ్మ మనుమరాలిని ఒడిలో నుంచుకొని పడమటిగోడకు వీపు ఆన్చి కూర్చుండెను. గోడ చల్లగా లేదు. గోనె తీసిన ప్రక్కకిటికీనుండి పెరడు కనబడుచుండెను. పోయినవారిని చలిగాలి త్రోవలో వెదకుకొను వెఱ్ఱి ప్రేమగల ప్రతిహృదయమునకును తగులును. దానిని నిందింప నెవ్వనికిని నోరు రాదు. ఆమె చాలసేపు పనసచెట్టును చూచి బిడ్డ చెవికడకు వంగెను.

"మీ తాత ఎక్కడికీ ఎల్లనేదే. అదిగో, పెరట్లోనే ఉన్నాడు."

చెట్టు మొదట పనసపిందెలు అప్పుడే పొటమరించుచుండెను.